సముద్రం ఎలా ఉంది బాబాయ్?

హైదరాబాదులో కాపురం ఉంటూ సముద్రంలో గాలం వేసే సరదా ఎక్కడిదని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కణ్ణుంచి ఉప్పునీళ్లలో కాలు పెట్టాలంటే రోడ్డున ఏ దారిన పోయినా మూడొందల కిలోమీటర్ల పైమాటే. మేం పోయింది అంతకు రెట్టింపు దూరం, విశాఖకి. పోనీ అది ఉద్యోగమా, వ్యాపారమా అంటే రెండూ కాదు. చేతి డబ్బులు ఖర్చుపెట్టి, రెండు రాత్రులు రైల్లో నడుము విరగ్గొట్టుకుని, చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చే పని. దీనికి మా ఆవిడ పెట్టిన పేరు ఇక్కడ రాయను.

మాకు గాలం అబ్బింది మంచినీళ్ల మీదే. 1908లో మూసీ ఊరిని ముంచేశాక మళ్లీ అంతటి వరద రాకూడదని కట్టినవి కదా జంట జలాశయాలు: 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్. తొంభైల మొదట్లో మా ఆదివారాలన్నీ ఆ ఒడ్డునే గడిచాయి. పల్లిచెక్క, గోధుమపిండి కలిపి ముద్ద చేసి, బొచ్చె చేపల కోసం గంటలకొద్దీ కూర్చునేవాళ్లం. జట్టులో నేను, మా ఆఫీసు మిత్రులిద్దరు, పత్తర్‌గట్టీలో గడియారాలు బాగుచేసే ఒక భాయ్. జట్టుకి ప్రాణం ఆయనే. కంటికి భూతద్దం తగిలించుకుని మా స్పిన్నింగ్ రీళ్లు విప్పి, ఒక్కో పళ్లచక్రాన్ని కిరసనాయిల్లో కడిగి, గడియారాల నూనె చుక్కలు చుక్కలుగా వేసి బిగించేవాడు. తర్వాత సముద్రం సంగతి తెలిశాక నూనె మానేసి గ్రీజులోకి దిగాడు. ఉప్పునీళ్లు తాకిన రీలుని ఆ రాత్రే మంచినీళ్లతో కడక్కపోతే కొద్దిరోజుల్లోనే లోపలి బేరింగులు గరగరమంటాయి. సముద్రానికి ఇనుమంటే మహా ఆకలి మియా అనేవాడు.

విశాఖ దారి చూపించింది అక్కడ ఉద్యోగం చేసిన మా చిన్నాన్న. భీమిలి వెళ్లే రోడ్డులో తొట్లకొండ కింద మంగమారిపేట అని బెస్తపల్లె ఉంది. సముద్రం కోసి వదిలేసిన రాతి తోరణం ఉన్న ఊరు, ఇప్పుడు ఫోటోల కోసం జనం వస్తున్నారు. అప్పట్లో ఎవరూ వచ్చేవారు కాదు. ఆ పల్లెలో బోటు నడిపించే ఒక తండేలుని చిన్నాన్న మాకు అప్పజెప్పాడు. మేం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం, ఆయన మా అందర్నీ బావూ అనేవాడు. భాయ్‌ని మాత్రం 'గడియారం బావు' అనేవాడు.

అసలు వేట హైదరాబాదులోనే, ఎస్టీడీ బూతులో మొదలయ్యేది. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి భోజనాలు చేసి చిక్కడపల్లిలో బూతు దగ్గర చేరేవాళ్లం. ఆ పల్లె రోడ్డు మీద కిరాణా కొట్టులో ఒకటే ఫోను. కొట్టతను కుర్రాణ్ణి పంపిస్తే బాబాయ్ నిద్రలోంచి లేచి రావాలి. ఈలోపు మేం ఫోను పెట్టేసి, పావుగంట ఆగి మళ్లీ చెయ్యాలి. అద్దాల డబ్బాలో ఎర్ర అంకెలు తిరుగుతుంటే నలుగురం ఒకే రిసీవరుకి చెవులు ఆనించేవాళ్లం.

"సముద్రం ఎలా ఉంది బాబాయ్?"

ఆయన దగ్గర మూడే జవాబులు. "వొచ్చీండి" అంటే టిక్కెట్లు తీసుకోవచ్చు. "ఒద్దు బావూ" అంటే ఇంక మాట్లాడ్డం అనవసరం. మూడోది "సూద్దాం". ఇదే మా ప్రాణాలు తోడేది. శుక్రవారం సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్కాలి, బుధవారం రాత్రి ఈయన సూద్దాం అంటాడు! భాయ్‌కి మాత్రం ఆ మాటంటే మహా ఇష్టం. సూద్దాం అన్నప్పుడే చేపలు పడతాయని ఆయన సిద్ధాంతం. సముద్రం మారబోయే ముందు చేప ఆబగా తింటుందని బాబాయ్ కూడా నమ్మేవాడు. అదెంత నిజమో గానీ, మా మంచి రోజులన్నీ సూద్దాం రోజులే.

ఫోను ఒక్కటే చాలదు కదా. దూరదర్శన్ వార్తల చివర ఇన్సాట్ పంపిన మబ్బుల బొమ్మ చూపించేవాళ్లు. బంగాళాఖాతంలో తెల్లగా సున్నా చుట్టిందేమోనని టీవీకి ముక్కు ఆనించి చూసేవాణ్ణి. రేడియోలో 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు' అన్న మాట వినబడితే ఆ వారం గోవిందా. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఒకటో నంబరంటే దూరాన సముద్రంలో ఏదో పుట్టింది. మూడో నంబరంటే ఈదురుగాలుల బెడద రేవుకే ఉంది. వాయుగుండానికీ తుఫానుకీ తేడా మా ఆఫీసులో నన్నే అడిగేవాళ్లు. హైదరాబాదులో కూర్చుని కళింగపట్నం, మచిలీపట్నం రేవుల నంబర్లు కంఠతా పట్టినవాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే.

సముద్రం మీద మాకు దొరికిన రోజుల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తుంది. అక్టోబరు ఆఖరు. నైరుతి వెళ్లిపోతూ, ఈశాన్యం ఇంకా నిలదొక్కుకోని కాలం. గాలి ఎటునుంచి రావాలో దానికే తెలియదు. సముద్రంలో అల్పపీడనాలు పుట్టేదీ అప్పుడే. బాబాయ్ సూద్దాం అన్నాడు. మేం వెళ్లాం.

తెల్లారుజామున నేల మీంచి సముద్రంలోకి చల్లటి గాలి వీస్తోంది. పల్లెవాళ్లు ఫైబరు బోటుని కర్రల మీదుగా నీళ్లలోకి తోశారు. బాబాయ్ వెంటనే ఇంజను వేయలేదు. మోకాళ్ల లోతు నీళ్లలో బోటు కొమ్ము పట్టుకుని కెరటాలు చూస్తూ నిలబడ్డాడు. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, వాటి వెనక కాస్త నెమ్మది ఉంటుంది. ఆ నెమ్మదిలో ఒక్క ఉదుటున దాటేయాలి. దాటాం. ఒళ్లంతా తడిసింది, భాయ్ టోపీ పోయింది.

బాబాయ్‌కి జీపీఎస్‌లు లేవు. తొట్లకొండ శిఖరం ఒడ్డునున్న ఫలానా తాటిచెట్ల మీదికి రావాలి, దక్షిణాన రుషికొండ కొన యారాడ కొండతో కలవాలి. రెండూ ఒకేసారి కుదిరితే కింద ఇరవై బారల లోతున రాయి ఉన్నట్టు. రాయి ఉన్నచోట చిన్నచేప, చిన్నచేప వెనక పెద్దచేప. ఆ కొండ గుర్తుల్ని ఆయన మాకు చెప్పేవాడు గానీ, పక్క బోటు దగ్గరికొస్తే గుర్తు దాటి ముందుకు పోయి ఊరికే తిరిగేవాడు.

రాయి చుట్టూ నెమ్మదిగా బోటు నడుపుతూ వెనక రెండు దారాలు లాగాం. కోనాం కోసం. హైదరాబాదులో వంజరం అని కొంటాం కదా, అదే. దాని పళ్లు కత్తెర. నైలాను దారాన్ని నోట్లో పెట్టుకోగానే తెంపేస్తుంది, అందుకే ఎరకు ముందు జానెడు ఉక్కుతీగ కట్టాలి. ఇంకో సంగతి, అది ఎరని వెనకనుంచి కొట్టి తోక కోసుకుపోతుంది. తలదగ్గర ఒక్క గాలమే ఉంటే ఎరగా కట్టిన కవ్వలు చేప సగం మిగుల్తుంది, కోనాం మిగలదు. తోకలో రెండో గాలం దాచాలి. ఇది మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, సగం కొరికిన కవ్వలు చూపించి బాబాయ్ చెప్పాడు.

ఎనిమిది దాటాక నా రాడ్ వంగింది. కోనాం మొదటి పరుగు గురించి ఎంత చెప్పినా తక్కువే. రీలు కీచుమని అరుస్తూ దారం వదులుతూనే ఉంది. దారం తట్టుకునే బరువులో మూడోవంతుకి డ్రాగ్, అంటే రీలు దారం వదిలే బిగువు, బిగించడం భాయ్ అలవాటు, త్రాసుతో తూచి మరీ పెట్టేవాడు. ఆ లెక్క ఆరోజు నిలబెట్టింది. వంద మీటర్లు పోయి ఆగింది, మళ్లీ మా వైపే తిరిగి దూసుకొచ్చింది. అప్పుడు దారం వదులైతే గాలం ఊడిపోతుంది, చేతులు పడిపోయేలా చుట్టాలి. పక్కకొచ్చాక చూశాను: వెన్ను ముదురు నీలం, పక్కలు వెండి, వెండి మీద సన్నటి నిలువు చారలు. బోటులో పడ్డ కాసేపటికే ఆ నీలం బూడిదరంగులోకి దిగిపోతుంది. బజార్లో ఐసు మీద మనం చూసేది ఆ దిగిపోయిన రంగునే.

ఇంకొకటి పడింది. తర్వాత భాయ్‌కి చెయ్యంత పార చేప తగిలింది. చిన్నదని గాలం తీసి నీళ్లలో వదిలేశాడు. బాబాయ్ ఇంజను దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు.

"అదేటి గడియారం బావూ, పట్టీసి వొదిలీడమేటి? మరి పట్టడం దేనికి?"

"మజా కోసం బాబాయ్."

"ఇంజన్లో ఆ మజా పోత్తే నడుత్తాదేటి?"

దీనికి మా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆయన వేట వేరు. చూపుడువేలికి సైకిలు ట్యూబు ముక్క తొడుక్కుని, చేతిగాలంతో మా రాడ్లకన్నా ఎక్కువ చేపలు తీసేవాడు. ఒప్పందం ప్రకారం బోటు అద్దె కాక, పడిన చేపలన్నీ ఆయనవే. మాకు ఇంటికో కోనాం. పార వదిలేశాక ఆయన కొంతసేపు మాతో మాట్లాడలేదు.

తొమ్మిదిన్నర, పది ఆ ప్రాంతంలో గాలి పడిపోయింది. నీళ్లు నూనె పోసినట్టు నునుపు. ఎండ చుర్రుమంటోంది. మేమంతా హాయిగా ఉందనుకుంటున్నాం. బాబాయ్ ఆకాశం వైపు చూడనేలేదు, నీళ్లనే చూస్తున్నాడు. బోటు మెల్లగా పైకి లేచి, అంతే మెల్లగా కిందికి దిగుతోంది. ఆయన పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెడుతున్నాడు.

"పొద్దున్న ఆరు లెక్కకి ఒకటొచ్చీది. ఇప్పుడు పన్నెండుకొత్తంది. ఎల్దాం."

"గాలి లేదు కదా బాబాయ్?"

"గాలి నేకుండా ఇంత పొడుగు కెరటం ఎలాగొచ్చిందో సెప్పు మరి? ఎక్కడో దూరపు సుట్టాలింట్లో తగువైనాది. దాని కబురు ఇప్పుడొచ్చినాది."

దారాలు చుట్టేసరికి తూర్పున అడుగు భాగమంతా నల్లబడింది. ఒడ్డు గంట దూరం. సగం దారిలో గాలి ఒక్కసారి చల్లగా మీదపడింది, వెనకే వాన. తొట్లకొండ మాయమైపోయింది. బాబాయ్ కెరటాన్ని బోటు పక్కకి తగలనివ్వకుండా, ఇంజను తోకని ఒక్కో కెరటానికీ తిప్పుతూ వచ్చాడు. అసలు పరీక్ష ఒడ్డు దగ్గర. కెరటాలు విరిగే గీతకి ఇవతలే, ఆ వానలో, ఎంతో సేపు బోటుని ఆపాడు. వెనక్కి తిరిగి చూస్తున్నాడు. మూడు పెద్ద కెరటాలు మా కిందనుంచి వెళ్లి ముందు విరిగాయి. నాలుగోదాని వీపు మీద, దాన్ని దాటకుండా, దానికి వెనకబడకుండా ఒడ్డుకి తోలాడు. భాయ్ దువా చదువుతున్నాడు. నేను ఐసుపెట్టెని కౌగిలించుకుని కూర్చున్నాను. ఒడ్డున ఎవరో పల్లెవాళ్లు పరిగెత్తుకొచ్చి కొమ్ము పట్టుకుని లాగేశారు. మర్నాడు రైల్లో పేపరు చూస్తే అల్పపీడనం అని రెండు వాక్యాలు రాశారు.

తిరుగు రైలు మరో ప్రహసనం. థర్మోకోలు పెట్టెలో ఐసు, ఊక నింపి, మధ్యలో కోనాన్ని పెట్టి, టేపు చుట్టి సీటు కిందికి తోసేవాళ్లం. ఎంత చుట్టినా కాజీపేట వచ్చేసరికి సన్నగా ధార మొదలయ్యేది. ఎదుటి సీటాయన చెప్పులెత్తి పైన పెట్టుకుని "ఏం బాబూ, ఏం తీసుకెళ్తున్నారు?" అనేవాడు. మందులని ఒకసారి, పూలని ఒకసారి చెప్పాం. పూలకి ఆ వాసనేమిటని ఆయన అడగలేదు, పెద్దమనిషి.

ఎండాకాలం మాకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మోటారు బోట్ల వేట ఆపేస్తారు. 2015కి ముందు 47 రోజులు. 2015 నుంచి 61 రోజులు చేశారు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పడమటి తీరంలో జూన్ 1న మొదలవుతుంది. అంటే మృగశిర కార్తె ప్రవేశించే రోజున, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం జనం బారులు తీరే ఆ రోజుల్లో, రెండు తీరాలూ మూతబడే ఉంటాయి. రాంనగర్ మార్కెట్‌లో ఆ పొద్దున్న ఊరంతా ఎగబడి కొనేవన్నీ చెరువు చేపలే. భాయ్ ఏటా అక్కడికి కొర్రమీను కొనడానికి వచ్చి, వంజరం ఏదని అడిగినవాళ్లకి ఈ సంగతంతా ఉపన్యాసం ఇచ్చేవాడు. అమ్మేవాళ్లకి ఒళ్లుమండేది.

1996 నవంబరు 6న కాకినాడ దిగువన తుఫాను తీరం దాటింది. చిన్న తుఫానే, గబగబా ముదిరి మీద పడింది. కోనసీమ కొబ్బరితోటలు పోయాయి. వేటకెళ్లిన బెస్తవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. ఆ నెల మేం ఫోను చేస్తే బాబాయ్ ఎక్కువ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన నోట 'సూద్దాం' తగ్గిపోయింది. 'ఒద్దు' ఎక్కువైంది. మేమూ బతిమాలడం మానేశాం. పిల్లల చదువులు, బదిలీలు, మోకాళ్ల నొప్పులు, ఇవన్నీ కలిసి ఏడాదికోసారి, తర్వాత అదీ లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరాసరి విశాఖ మీదికే వచ్చింది. గాలి గంటకి 180 కిలోమీటర్లు. మూడురోజులు ప్రయత్నిస్తే గానీ బాబాయ్ ఫోను కలవలేదు. మనుషులు క్షేమం, బోటు రెండు ముక్కలు. హెచ్చరిక ముందే అందింది కాబట్టి ఎవరూ నీళ్లమీద లేరు. ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

ఇప్పుడు అసలు తమాషా. సముద్రం సంగతులు చెప్పే ఆఫీసు మా హైదరాబాదులోనే ఉంది. నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అంటారు, 1999లో పెట్టారు. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు 2007 నుంచి అక్కణ్ణుంచే వెళ్తాయి. ఉపగ్రహాలు పంపిన నీటి వేడి, నీటి రంగు చూసి చేపలు ఎటుపక్క చేరే వీలుందో చెబుతారు. కెరటం ఎత్తెంత, ఏ దిక్కునుంచి, ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ ఎన్ని సెకన్ల ఎడం, అన్నీ ముందే లెక్కగట్టి తీరం పొడుగునా పంపిస్తారు. నేను మొదటిసారి ఆ పటం తెరిచి, ఎడం సెకన్ల గడి చూసినప్పుడు నవ్వొచ్చింది. బాబాయ్ పెదాలు కదిపి లెక్కపెట్టింది అదే. దూరపు చుట్టాల తగువు కూడా ఉంది అందులో. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుఫాను లేస్తే, దాని పొడుగు కెరటం వేల కిలోమీటర్లు నడిచి, రోజుల తర్వాత, ఎండ కాస్తున్న పూట మన ఒడ్డుకి వస్తుందట.

బాబాయ్ ఇప్పుడు వేటకి పోవడం లేదు. కొడుకు పోతున్నాడు, వాడి దగ్గర జీపీఎస్ ఉంది, హెచ్చరికలు ఫోనుకే వస్తాయి. మొన్న మార్చిలో ఆయనే ఫోను చేశాడు.

"మీ ఊరోళ్లు ఇయ్యాల ఎల్లొద్దన్నారు బావూ."

"ఎవరు, మా ఊరివాళ్లా?"

"ఆ, ఆ హైదరాబాదోళ్లే. ఇక్కడ గాలి నేదు, ఎండ దంచేత్తంది. కెరటం వొత్తాదని ఫోన్లో రాసినారు. మావోడు నమ్మనేదు, బోటు తీసీత్తానంటాడు."

"నువ్వేమన్నావు మరి?"

"నేనేటంతాను? ఇసకలో కూకుని లెక్కెట్టినాను. మీవోళ్లు సెప్పింది నిజవే. బోటు పైకి లాగించీసినాను."

ఆ సాయంత్రం పత్తర్‌గట్టీ వెళ్లి భాయ్‌కి చెప్పాను. కొట్లో ఇప్పుడు కొడుకు కూర్చుని ఫోన్లకి కవర్లు అమ్ముతున్నాడు, వెనక చిన్న బల్ల మాత్రం ఈయనదే. సంగతంతా విని, లెక్క ఎంతకొచ్చిందని అడిగాడు. అది నేను అడగలేదంటే విసుక్కున్నాడు. సొరుగులోంచి నా పాత రీలు తీసి, హ్యాండిల్ తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గ్రీజు మార్చాలి, రెండ్రోజులు పడుతుందన్నాడు.

"ఏప్రిల్ పదిహేను లోపల అయితేనే మియా. తత్కాల్ చూడు. పై బెర్తు మాత్రం వద్దు."